తెల్ల బానెట్ మీద మూడు పసుపు బొట్లు

ఏ పనీ చేయకుండా ఉండటం కూడా ఒక పనేనని, నాకు నలభై రెండేళ్లు వచ్చాక, సూటు వేసుకున్న ఒక మనిషి చెప్పాడు. ఆరోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను పెయింటర్ని. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకే గ్యారేజీలో పద్ధెనిమిదేళ్లు బండ్లకు రంగు కొట్టాను. గుద్దుకున్న బండి వస్తుంది. మా మామ రేకు సరిచేస్తాడు, నేను రంగు వేస్తాను, బండి ఏమీ జరగనట్టు బయటికి పోతుంది. పాత రంగు ఎక్కడ ఆగిందో, నా రంగు ఎక్కడ మొదలైందో ఎంతటివాడూ కనిపెట్టలేకపోవాలి. అదే నా పనితనం, నా పొగరూ అదే. అలాంటి నన్ను నిలబెట్టి, యాభై ఏళ్లు దాటిన ముసలి బండిని చూపించి, దీన్ని ముట్టుకోకపోతేనే దీనికి విలువ అంటే ఒళ్లు మండదా?

ఆ బండి మా కఫీల్‌ది. కఫీల్ అంటే మా వీసాలు ఎవరి పేరు మీద ఉంటాయో ఆయన. గ్యారేజీ కూడా ఆయనదే. ఆయన తండ్రి కుర్రతనంలో ఆ బండిని అమెరికా నుంచి ఓడలో తెప్పించుకున్నాడట. రెండే తలుపులు, మనిషి పడుకునేంత బానెట్, కింద ఎనిమిది సిలిండర్ల ఇంజిను. వీటిని మజిల్ కార్లు అంటారు, కండల బండ్లన్న మాట. తండ్రి పోయాక దాన్ని ఎవరూ నడపలేదు, అమ్మనూ లేదు. మెసైమీర్‌లో కఫీల్ పాత ఇంటి వెనక షెడ్డులో ఉండేది. తెల్ల రంగు. ఆ తెలుపు ఎంత ఎండిపోయిందంటే, వేలితో రాస్తే గోడ సున్నంలా పొడి అంటుకునేది. ఎడమ తలుపు మీద కఫీల్ చిన్నప్పుడు సైకిలు గుద్దిన సొట్ట అలాగే ఉండేది.

దాన్ని చూసుకున్నది మా మామ. మామ అంటే మా అమ్మ తమ్ముడు, నన్ను వీసా మీద ఇక్కడికి తెచ్చినవాడు, చేతికి స్ప్రే గన్ ఇచ్చినవాడు. దోహాకు ముప్పై ఏళ్ల కింద వచ్చాడు. ప్రతి శుక్రవారం అందరూ బట్టలుతుక్కుని, ఇంటికి ఫోన్లు చేసుకుని పడుకుంటే, ఈయన బస్సెక్కి మెసైమీర్ పోయి, ఆ బండిని పది నిమిషాలు స్టార్ట్ చేసి, టైర్లలో గాలి చూసి వచ్చేవాడు. జీతంలో లేని పని. ఎందుకు మామా అంటే, "ఇంజన్ అలవాటు తప్పుతది రా" అనేవాడు.

మొన్నటి ఏడాది కఫీల్ కొడుకులు గ్యారేజీ మూసేద్దామని కూర్చున్నారు. గ్యారేజీ షెడ్డు గోడౌన్‌కి అద్దెకిస్తే హాయిగా కూర్చుని తినొచ్చని వాళ్ల లెక్క. ఈ మాట వినగానే మా మామ మొహం పాలిపోయింది. ఆయనకు అరవై దాటాయి. ఈ గ్యారేజీ పోతే ఆ వయసు మనిషికి ఇంకో కంపెనీ వీసా ఇవ్వదు, ఇంటికి పోవడమే. చిన్నకూతురు నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఇంకా రెండేళ్లు. ఆ రెండేళ్లు ఎలాగైనా ఇక్కడ నిలబడాలి, అంతకంటే ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు.

కఫీల్ మంచి మనిషి. ఆయనకూ గ్యారేజీ మూయడం ఇష్టం లేదు. మా నాయన బండి వేలంలో పెడతాను, మంచి ధర వస్తే ఆ డబ్బుతో గ్యారేజీ రెండేళ్లు నడుపుతాను, ఆ బండి నాది కాబట్టి కొడుకులు మాట్లాడటానికి లేదు అన్నాడు. మామకు అరబ్బీ బాగా వచ్చు. ఆ మాటలు మాకు తెలుగులో రెండుసార్లు చెప్పాడు. అలా ఆ ముసలి బండి మా గ్యారేజీకి వచ్చింది, దాని వెనకే వేలం కంపెనీ మనిషి సూటు వేసుకుని వచ్చాడు.

నేను ముందే అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాను. పాత రంగు మొత్తం గీకేసి, సొట్ట తీసి, అద్దంలా మెరిసే తెలుపు కొడితే ఎలా ఉంటుందో చెప్దామని నోరు తెరిచాను. ఆ సూటాయన నన్ను ఆపి, బానెట్‌కి జానెడు దూరంలో చేయి పెట్టి, ఏదో అరబ్బీలో చెప్పాడు.

"ఏమంటున్నడు మామా?"

"ముట్టద్దంటున్నడు. ఇదంతా కంపెనీల ఏసిన రంగట. గిట్ల మొదటి రంగుతోటి ఉన్న బండ్లు లోకంల శానా తక్కువున్నయట. కొత్తగ చేసినయ్ ఎన్నన్న దొరుకుతయట. రంగు ఏసినమనుకో, ధర సగానికి పడిపోతదట."

"రంగు ఏస్తే ధర తగ్గుతదా? పిచ్చోడా ఏంది వీడు? ఈ దుమ్ముకా పైసలిచ్చేది?"

"నోరు మూయ్" అన్నాడు మామ.

నేను మూయలేదు. నాకొచ్చిన అరకొర హిందీలో, చేతులు తిప్పుతూ, నాకు వారం రోజులివ్వండి, కొత్త పెళ్లికూతుర్ని చేసి చూపిస్తాను అని కఫీల్‌తో అన్నాను. కఫీల్ నవ్వాడు. "మాఫీ కలర్" అన్నాడు. రంగు వద్దని. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు అడిగాను. అడిగిన ప్రతిసారీ ఆయన నవ్వుతూ వేలు చూపించేవాడు. ఆ అడగడమే నా కొంప ముంచుతుందని నాకేం తెలుసు?

సూటాయన పోతూ పోతూ జాగ్రత్తలు చెప్పాడు. నీళ్లు పోయొద్దు. పాలిష్ పెట్టొద్దు. ఎండలో పెట్టొద్దు, లోపలే గుడ్డ కప్పి ఉంచండి. మళ్లీ వచ్చి చూసి, ఎవరూ ముట్టని బండి అని కాగితం రాసిస్తానన్నాడు. ఆ కాగితం మీదే ధర అంతా.

ఆ కాగితానికి నాలుగు రోజుల ముందు దసరా వచ్చింది.

దసరా నాడు మా గ్యారేజీలో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే, పని మొదలవ్వక ముందే, షట్టరు సగం దించి, సుత్తెలూ, పానాలూ, కంప్రెసరూ, నా స్ప్రే గన్లూ తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, అగరొత్తి వెలిగించి, పావుగంటలో ముగించేవాళ్లం. ఊరు మనది కాదు, చప్పుడు చేయకూడదు. కఫీల్‌కు తెలుసో లేదో మాకు తెలియదు. మేం చెప్పలేదు, ఆయన అడగలేదు. ఈ పూజంతా ఏటా మామే చేసేవాడు. నేను వెనకాల నిలబడి దండం పెట్టి, కొబ్బరి ముక్క తిని పనిలో పడేవాణ్ణి.

ఈసారి ముందురోజే మామకు బీపీ ఎక్కి కళ్లు తిరిగి పడిపోయాడు. ఆస్పత్రిలో ఉంచుకున్నారు. గ్యారేజీ ఏమవుతుందోనన్న బెంగతో తెచ్చుకున్న రోగం అది. మంచం మీద నుంచి నా చెయ్యి పట్టుకుని, "రేపు పూజ ఆపకు రా. ఈ యేడు జర గట్టిగ మొక్కు" అన్నాడు.

గట్టిగానే మొక్కాను. ఉమ్ ఘువైలినాలో మనవాళ్ల సరుకుల కొట్టుకు పోయి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, ఒక బంతిపూల దండ తెచ్చాను. పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టాక ఆ బండి మీద గుడ్డ తీశాను. మా అందరి కూడూ గుడ్డా, మామ రెండేళ్లూ, ఆ పిల్ల చదువూ అన్నీ దీని మీదే ఉన్నాయి కదా, దీనికి పెట్టకుండా సుత్తెకు పెడితే ఏం లాభం అనుకున్నాను. పసుపులో నీళ్లు పోసి చిక్కగా కలిపి, ఆ పెద్ద తెల్ల బానెట్ నడిమధ్యలో రూపాయి బిళ్లంత బొట్లు మూడు పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. కళ్లు మూసుకుని, తల్లీ, మా మామను ఇక్కడే ఉండనియ్యి అన్నాను. మళ్లీ గుడ్డ కప్పాను.

రంగు సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? ఎండిపోయిన పాత రంగు దేన్నయినా పీల్చుకుంటుందని కొత్తగా చేరినవాడికి కూడా నేనే చెప్తాను. కానీ ఆ పొద్దున నేను పెయింటర్ని కాను, మొక్కుకునేవాణ్ణి. నా బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పను!

మర్నాడు గుడ్డ తీసి, పొడిబట్టతో బొట్లు తుడిచాను. పసుపు రాలింది. కింద మరక రాలలేదు. మూడు గుండ్రటి పచ్చటి మరకలు, అచ్చు వేసినట్టు. తడిబట్టతో తుడిచాను, ఇంకా వెడల్పయ్యాయి. సబ్బు నీళ్లతో దూదిని తడిపి అద్దాను. పోలేదు.

సూటాయన రావడానికి ఇంకా మూడు రోజులు. మామ ఆస్పత్రిలో. ఎవరినడగను? మామకు చెప్తే అక్కడే ప్రాణం పోతుంది. కఫీల్‌కు చెప్పాలంటే పూజ సంగతి చెప్పాలి. అది నా ఒక్కడితో పోయేది కాదు. ఒక పూటంతా ఆ మరకల చుట్టూ తిరిగాను. తర్వాత, నాకు చేతనైన పని ఒక్కటే ఉంది కాబట్టి, అదే చేశాను.

పాలిష్ కాంపౌండ్ కొంచెం వేలికి తీసుకుని మెల్లగా రుద్దాను. మరక తగ్గుతోంది. హమ్మయ్య అనుకుని ఇంకొంచెం రుద్దాను. పసుపు పోయింది, దానితోపాటు తెలుపూ పోయింది. అడుగున బూడిద రంగు కనబడింది. యాభై ఏళ్ల కింద ఎవరో వేసిన రంగు, మామ ముప్పై ఏళ్లు కాపాడిన రంగు, నా బొటనవేలి కింద అరిగిపోయింది.

ఇక మిగిలింది కనబడకుండా చేయడమే. ఆ రెండు రోజులూ నేను చేసిన పని నా జన్మలో ఎన్నడూ చేయలేదు. తెలుపులో చుక్క నలుపు, అర చుక్క పసుపు, మట్టి రంగు సూదిమొన మీద తీసుకున్నంత. పదకొండుసార్లు కలిపి రేకు ముక్క మీద వేసి చూశాను. పన్నెండోది కుదిరింది. వేశాను, ఆరబెట్టాను, మెరుపు చంపేశాను, సున్నంలా పొడి రాలేటట్టు కూడా చేశాను. నాలుగు పక్కల నుంచి లైటు వేసి చూస్తే నాకే దొరకలేదు.

సూటాయన వచ్చే పొద్దున మామను ఆస్పత్రి నుంచి పంపించారు. రూముకు పోకుండా తిన్నగా గ్యారేజీకి వచ్చాడు. గుడ్డ తీసి, బండి చుట్టూ మెల్లగా తిరిగి, బానెట్ మీద వంగి ఊపిరి తగిలేంత దగ్గరగా చూశాడు. ముప్పై ఏళ్లు చూసిన కళ్లు. ఆయన లేచి నా వీపు మీద చెయ్యి వేశాడు.

"మంచిగ కాపాడినవ్ రా. నాకు రంది పట్టుకున్నది, నేను లేకుంటె ఏమైతదో అని."

అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. కఫీల్ కారు వచ్చి ఆగింది.

సూటాయన జేబులోంచి సబ్బుబిళ్లంత మిషను తీశాడు. రేకు మీద ఆనిస్తే రంగు ఎంత మందం ఉందో అంకె చూపించేది. అలాంటిది ఉంటుందని విన్నాను గానీ మా గ్యారేజీలో దాని అవసరం ఎన్నడూ పడలేదు. తలుపు మీద ఆనించాడు, నూరు దగ్గర. వెనక డిక్కీ మీద, పైకప్పు మీద, అదే. చాలా సంతోషంగా తల ఊపుతున్నాడు. బానెట్ ఎడమ చివర, నూరు. నడిమికి వచ్చాడు. మిషను కూసింది. రెండు వందలు దాటింది. కొంచెం పక్కకు జరిపి మళ్లీ పెట్టాడు. మళ్లీ కూసింది. ఆయన మొహంలో సంతోషం పోయింది. మిషను జేబులో పెట్టేసుకుని కఫీల్‌తో రెండు మాటలే అన్నాడు.

కఫీల్ మామ వైపు చూశాడు. మామకు ఏమీ అర్థం కాలేదు. చేతులు అడ్డంగా ఊపుతూ, లేదు లేదు, ఎవరూ ముట్టలేదని అరబ్బీలో ప్రమాణాలు చేస్తున్నాడు. మా మామ జీవితంలో అబద్ధం ఆడినవాడు కాదు, ఆరోజూ ఆడలేదు. ఆయన ప్రమాణాలు చూడలేక ముందుకు వచ్చాను.

"నేనే వేసిన."

కఫీల్ నా వైపు తిరిగాడు. "కలర్ తుమ్ మారా?" అన్నాడు. అవునన్నాను. ఎందుకు అన్నాడు. పసుపు అని చెప్పలేను. గీత పడింది సార్, అందుకని అన్నాను. ఆయన నమ్మలేదు. నేను ఎన్నిసార్లు రంగు వేస్తానని ఆయన వెంటపడ్డానో ఆయనకు గుర్తుంది. కోప్పడలేదు, తిట్టలేదు. నీకు కావలసింది నువ్వు చేసుకున్నావు అన్నట్టు తల ఊపి, "ఖలాస్", అంటే అయిపోయింది, అని కారెక్కి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన దృష్టిలో ఇప్పటికీ నేను పంతం కోసం పని చెడగొట్టినవాణ్ణే.

ఆ మధ్యాహ్నం రూములో మామకు అంతా చెప్పాను. మంచం మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"నేను ఏటేట మెసైమీర్ పొయ్యి దానికి బొట్టు పెడుతుంటి. అద్దం మీద పెడుతుంటి రా. రేకు మీద ఎన్నడన్న పెట్టిన్నా?"

నాకు తెలియదు. ఆయన ఎక్కడ పెట్టేవాడో పద్ధెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా వెంట పోయి చూడలేదు. అడగనూ లేదు.

మామే, "నా కోసమే పెట్టినవ్ తియ్" అన్నాడు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఎవరూ ముట్టని బండి అన్న కాగితం రాలేదు. కఫీల్ కొడుకులు, ఎలాగూ చెడింది కదా, మొత్తం కొత్తగా చేసి అమ్మేద్దాం అన్నారు. ఆ పని నాకే అప్పగించారు. సొట్ట మామ తీశాడు. కఫీల్ చిన్నప్పటి సైకిలు సొట్ట, నాలుగు దెబ్బల్లో పోయింది. పాత తెలుపంతా నేనే గీకాను. పొడి గంపలకు గంపలు వచ్చింది. కొత్త తెలుపు కొట్టాను. అద్దంలా వచ్చింది, మొహం చూసుకోవచ్చు. ఫొటోలు తీసుకోవడానికి పక్క గ్యారేజీల వాళ్లు వచ్చారు. నేను కోరుకున్న పని అదే, అంతకంటే బాగా నేనెప్పుడూ చేయలేదు, చేస్తున్నంతసేపూ నాకు నా చేతులంటే అసహ్యం వేసింది. ఆ బండి అలాంటి మెరిసే బండ్లలో ఒకటిగా, వాటి ధరకే పోయింది. కొడుకులకు ఇక అడ్డు చెప్పడానికి కఫీల్ దగ్గర ఏమీ మిగల్లేదు.

గ్యారేజీ మూశారు. మామ ఇంటికి పోయాడు. నాకు ఇంకో గ్యారేజీలో పని దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. దొరికాక మరదలు ఫీజుకని పంపిస్తే మామ తిప్పి పంపించాడు. నీకూ పిల్లలున్నరు అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు మెట్‌పల్లిలో చీరల షాపులో నిలబడుతోంది. పండక్కి ఫొటో పెట్టింది, షాపు వాళ్లిచ్చిన చీర కట్టుకుని. నవ్వుతోంది. నేను ఫోను బోర్లా పెట్టేశాను.

ఇదంతా నేను నా భార్యకు చెప్పలేదు. గ్యారేజీ మూశారని మాత్రమే చెప్పాను. మొన్న ఒక శుక్రవారం వీడియో కాల్ చేస్తే ఆమె డాబా మీద బట్టలారేస్తోంది. మా బిడ్డ తెల్ల స్కూల్ అంగీ దులిపి తీగ మీద వేసింది. ఛాతీ దగ్గర పెద్ద పచ్చటి మరక.

"గా మరక పోలేదు, మల్ల ఉతుకరాదు" అన్నాను.

"పప్పు మీద పోసుకున్నది నీ బిడ్డ. ఉతుకుతె పోతదా పసుపు? ఎండల ఏస్తె అదే పోతది. రెండొద్దులు పడ్తది గంతే. గది గూడ ఎరుకలేదా నీకు? ఇన్నేండ్లు దుబాయ్‌ల ఏం నేర్చుకున్నవ్?"

నవ్వుతోంది. దోహా అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఇది దుబాయే. నేను ఏదో సాకు చెప్పి ఫోను పెట్టేశాను.

కొత్త గ్యారేజీ వెనక పాత రేకుల కుప్పలో తెల్ల ఫెండరు, అదే చక్రం మీది రేకు, ఒకటి ఉంది. రంగు ఎండిపోయి సున్నం రాలుతోంది. దాని మీద పసుపు చిక్కగా కలిపి మూడు బొట్లు పెట్టాను. ఒక రోజు గుడ్డ కప్పి ఉంచాను, అచ్చంగా అప్పటిలాగే. మర్నాడు తుడిచాను. అవే మూడు మరకలు. దాన్ని గోడకు ఆనించి ఎండలో పెట్టాను. సాయంత్రానికి పసుపు కాస్త వెలిసింది. రెండో రోజుకు, ఉందా లేదా అని వెతుక్కోవాల్సి వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టి పోయి చూశాను. ఫెండరు తెల్లగా ఉంది. వేలితో రాస్తే సున్నం అంటింది. ఎక్కడ పెట్టానో నాకే తెలియలేదు.

అప్పుడు నాకున్నదీ మూడు రోజులే. ఆ పాత గ్యారేజీ వెనక దడికి బయట ఎకరం ఖాళీ జాగా, దాని మీద నిలువెత్తు ఎండ. ఎవరికీ అక్కరలేని ఎండ, అందరం తిట్టుకునే ఎండ. బండిని అక్కడికి తోసి, నేను ఏ పనీ చేయకుండా నీడలో కూర్చుని ఉంటే సరిపోయేది.

ఆ వారమే మామ ఫోన్ చేశాడు. ఏ నాలుగు రోజులకో ఒకసారి చేస్తాడు, నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. తిన్నావా అని అడిగాడు. కొత్త ఫోర్‌మన్ మంచోడేనా అని అడిగాడు. అడగడానికి ఏమీ మిగలక, "ఆడ ఎండలు ఎట్లున్నయ్ రా?" అన్నాడు.

"మస్తు కొడుతున్నయ్ మామా" అన్నాను.